పదకొండిళ్ళ పాలు

కిందటి వారం ప్యో మిరాన్‌ని మనం ఆమె బల్ల దగ్గరే వదిలేశాం. బుసాన్ రేవు పక్కనున్న నగర ఆర్కైవ్‌లో ఆమెది గొంతులు భద్రపరిచే ఉద్యోగం. సోల్గోగే గుట్ట మీది ఇళ్ళన్నీ వచ్చే వసంతంలో కూలగొట్టేస్తారు. ముప్పయ్యారేళ్ళ కిందట హ్యోన్ మాస్టారని ఒక బడిపంతులు ఆ గుట్ట మీద ఇంటింటికీ తిరిగి, ఆడవాళ్ళ చేత మాట్లాడించి, నలభై మూడు క్యాసెట్లు నింపాడు. గుట్ట ఉండగానే వాటిని గుట్టవాళ్ళకి వినిపించాలని మిరాన్ ఆరాటం. శనివారం ముహూర్తం. క్యాసెట్లలో పేరు వినిపించిన ప్రతి కుటుంబానికీ ఉత్తరం రాసి అనుమతి అడిగింది. అందరూ సరేనన్నారు, ఒక్కాయన తప్ప. రేవులో క్రేను నడిపి రిటైరైన తాక్ కిల్సూ బుధవారం పొద్దున ఆఫీసు తలుపులు తీసీ తియ్యకముందే వచ్చి, ఆ ఉత్తరాన్ని ఆమె బల్ల మీద పడేసి, తన పేరు చెక్కిన ముద్ర తీసి పక్కన పెట్టి, "చెరిపెయ్" అన్నాడు.

అక్కడ ఆగాం కదా.

"చెరిపెయ్ అంటే వినపళ్ళేదా అమ్మాయ్?"

మిరాన్‌కి వినపడింది. పక్క గదిలో పాత పటాలు సర్దుతున్నవాళ్ళకి కూడా వినపడింది. చప్పుళ్ళు ఆగిపోయాయి.

"కూర్చోండి బాబాయిగారూ. బార్లీ టీ ఇమ్మంటారా?"

"టీ తాగడానికి రెండు బస్సులు మారి రాలేదు నేను."

"పోనీ కాళ్ళనొప్పి కోసమైనా కూర్చోండి. మెట్లెక్కి వచ్చారు, లిఫ్టు పాడైంది."

కిల్సూ కూర్చున్నాడు. మనిషి పొడుగు. డెబ్భై రెండేళ్ళొచ్చినా భుజాలు వంగలేదు. చెవులు మాత్రం మొహానికి మించి పెద్దవి, టోపీ కింద నుంచి రెండు పక్కలా బయటికి వచ్చేసి ఉన్నాయి. కోపం వస్తే ముందు అవే ఎర్రబడతాయని మిరాన్ గమనించింది.

"మీరు వద్దంటే వద్దే," అంది ఆమె. "అది మీ హక్కు. పదిహేడో క్యాసెట్లో మీ నాన్నగారి పేరుంది, మీ మాటా ఉంది. ఈ కాగితం మీద ముద్ర వేశారంటే ఆ క్యాసెట్టు పెట్టెలో పెట్టి తాళం వేసేస్తాం. మీరున్నంత కాలం ఎవరూ వినరు."

"తాళం ఎవరడిగారు? చెరిపెయ్యమంటున్నా."

"చెరపడం నావల్ల కాదు. అందులో సంగతి మీదే గానీ గొంతు మీది కాదు కదా. పూనిగారిది. ఆవిడ పోయి ముప్పయ్యేళ్ళయింది. చెరపనా అని ఆవిణ్ణి అడగలేను."

"పూనియా?" కిల్సూ చెవులు భగ్గుమన్నాయి. "ఆ కుళాయి దగ్గర పెద్దనోరు పూనియా? ఇంకేం! అన్నీ చెప్పే ఉంటుంది."

ఆయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది గానీ మాటలు ఇంకా గరుగ్గానే ఉన్నాయి.

"నాకు తొమ్మిదేళ్ళు. బకెట్టు పట్టుకుని నీళ్ళకి పోయాను. గుట్ట మొత్తానికి ఒకటే కుళాయి. వరసలో ఇరవై మంది ఆడాళ్ళు. ఆ మనిషి అందరి ముందూ కేకేసింది. 'ఒరేయ్ పదకొండిళ్ళోడా, ముందుకి రా!' అని. ఒకటే నవ్వులు. వరసంతా నవ్వింది. ఆ ఒక్కరోజే కాదు, కనపడితే చాలు అదే పిలుపు. ఇంటికెళ్ళి మా నాన్ననడిగాను, పదకొండిళ్ళోడంటే ఏంటని. మా నాన్న మూటల కావిడి దించి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు. నాకర్థమైపోయింది. పదకొండిళ్ళలో అడుక్కుని బతికామన్నమాట. మరుసటేడు గుట్ట దిగి వచ్చేశాం. ఆ గుట్టకేసి మళ్ళీ చూడకు అన్నాడు నాన్న. చూళ్ళేదు. రేవులో నలభయ్యేళ్ళు క్రేను మీద కూర్చున్నాను, ఎదురుగా ఆ గుట్టే కనపడేది. అయినా చూళ్ళేదు."

"మీ ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

"ఏం తెలుసు? నా పెళ్ళానికి కూడా చెప్పలేదు. పిల్లలు నేను తేగు పట్నంలో పుట్టాననుకుంటున్నారు. ఇప్పుడు నువ్వు శనివారం నాడు మైకు పెట్టి ఊరందరికీ చెప్తావా, తాక్ కిల్సూ ముష్టివాడి కొడుకని?"

మిరాన్ ఆ పదిహేడో క్యాసెట్టు తొమ్మిదిసార్లు వింది. అందులో ఏముందో ఒక్క వాక్యంలో చెప్పెయ్యగలదు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆ మాట చెప్పాల్సింది తను కాదనిపించింది. ఒకావిడ ముప్పయ్యారేళ్ళ కిందట తన నోటితో తాను చెప్పి వెళ్ళింది. దాన్ని మధ్యలో పట్టుకుని తను అప్పజెప్పడం ఏం మర్యాద?

కాగితం ఆయన వైపు జరిపింది.

"ముద్ర వెయ్యండి బాబాయిగారూ, నేను అడ్డుపడను. కాకపోతే తాళం వేయించేవాళ్ళు పెట్టెలో ఏముందో చూసుకోవాలి కదా. పధ్నాలుగు నిమిషాలు. విన్నాక కూడా వద్దంటే ఆ తాళం మీ చేతే వేయిస్తాను."

"నీ ఎత్తులు నాకు తెలుసు."

"ఎత్తే. ఒప్పుకుంటున్నా."

కిల్సూ ఆమెకేసి ఒక క్షణం చూశాడు. అబద్ధమాడి ఉంటే లేచి వెళ్ళిపోయేవాడేమో.

"పధ్నాలుగు నిమిషాలేగా?"

వినే గది చిన్నది. కిటికీ లేదు. గోడలకి చాపల్లాంటి మెత్తటి పలకలు. అసలు క్యాసెట్టు చిన్న అట్టపెట్టెలో, దూది కాగితంలో చుట్టి ఉంది. దాని మీద హ్యోన్ మాస్టారి చేతిరాత: 'క్వాక్ పూని, కుళాయి పక్కిల్లు, వాన పడుతోంది.' మిరాన్ ఆయనకి దాన్ని చూపించి, వెనక్కి పెట్టి, కంప్యూటర్లోకి ఎక్కించిన ప్రతిని తెరిచింది. ఆడించే మీటని ఆయన ముందుకి జరిపింది.

"ఇది పైకి లాగితే నడుస్తుంది, కిందికి దించితే ఆగుతుంది. మీ చేతిలోనే ఉంచుకోండి. వద్దనిపించిన చోట ఆపెయ్యండి."

నలభయ్యేళ్ళు మీటలు పట్టిన చెయ్యి. తడుముకోకుండా పైకి లాగింది.

ముందు వాన చప్పుడు. రేకుల మీద పడుతున్న వాన. తర్వాత ఒక ఆడమనిషి నవ్వు.

*"రాసుకోవట్లేదేం మాస్టారూ? మిషనే రాసుకుంటుందా? దీనికి చెవులెక్కడున్నాయ్ మరి? సరేలే. నీళ్ళ సంగతి అడిగావా? నీళ్ళ గోల రేపు చెప్తా. వానొస్తోంది కదా, ఇవాళ పాల సంగతి చెప్తా.*

*"యుద్ధమొచ్చిన రెండో ఏడు, చలికాలం. గుట్టంతా అట్టముక్కల కొంపలే. తాక్ మ్యోంగూ అని ఉత్తరాది మనిషి, ఓడలో వచ్చాడు, రేవులో మూటలు మోసేవాడు. పెళ్ళానికి నెలలు నిండాయి. పురిటిలోనే పోయింది తల్లి. మాకు తెలిసేసరికి తెల్లారింది. మూడోనాడు పొద్దున తలుపు తీస్తే ఆ మనిషి మా గుమ్మంలో ఉన్నాడు. కోటు లోపల బిడ్డ. నోరు విప్పడే! ఇద్దరి తరఫునా బిడ్డే ఏడుస్తోంది. అప్పటికి మా చంటిబిడ్డ సామ్నేకి ఐదో నెల. 'ఇటివ్వు' అన్నాను. అంతే. ఇంకో మాట లేదు."*

మీట మీద కిల్సూ చెయ్యి బిగుసుకుంది. కిందికి దిగలేదు.

*"నా ఒక్కదాని పాలు ఏ మూలకి? మాకే తిండి లేదాయె. తోక్బే అమ్మ వచ్చి, పొద్దున పూట నాది అంది. చునీ అమ్మకి పాలు తక్కువ, వద్దే అంటే వినదు, నన్ను తక్కువ చేస్తారా అని పోట్లాటకొచ్చింది. చేపల బుట్ట యోంజా అమ్మ ఉండేది, ఒళ్ళంతా చేపల కంపు. వీడు ముక్కు చిట్లించేవాడు, చిట్లిస్తూనే తాగేవాడు! ఆగు, వేళ్ళ మీద చెప్తా..."*

ఆవిడ చెప్పింది. ఒక్కొక్కరూ ఒక అమ్మ, ఫలానా బిడ్డకి అమ్మ. పొద్దున ఎవరు, పన్నెండింటికి ఎవరు, కొండెక్కలేని వాన రోజున ఎవరు. చేతివేళ్ళు చాలక నవ్వింది.

*"...చివర, పై... ఖర్ర్... ఇంటి కొత్తకోడలు. అందరికంటే ఎక్కువ నెలలు ఆవిడే ఇచ్చింది. మొత్తం పదకొండిళ్ళు. ఇంకోటి చెప్పనా? తెల్లారి లేచి చూస్తే గుమ్మం ముందు తడి నాచు. సముద్రం నాచు, అప్పుడే కోసింది, నీళ్ళు కారుతూ. పదకొండు గుమ్మాల ముందూ. నాచు పులుసు తాగితేనే కదా బాలింతకి పాలు పడేది! పెట్టినవాణ్ణి ఎవరూ చూళ్ళేదు. నేను మాత్రం ఒకసారి ఆ మనిషి కాళ్ళు చూశాను. ఉప్పునీళ్ళకి మోకాళ్ళ దాకా పగిలి నెత్తురు. ఆ చలిలో నీళ్ళలోకి దిగి, నాచు కోసి, గుట్టెక్కి పెట్టి, మళ్ళీ గుట్ట దిగి మూటలకి పోయేవాడన్నమాట. మేమందరం తెలీనట్టే ఊరుకున్నాం. తెలుసంటే సిగ్గుపడి చస్తాడని.*

*"వాడికి నేనే పేరు పెట్టా, పదకొండిళ్ళోడని. కుళాయి దగ్గర వరసలో చివర నిలబడేవాడు బకెట్టు పట్టుకుని. 'ఒరేయ్ పదకొండిళ్ళోడా, ముందుకి రా' అనేదాన్ని. మరి వరసలో సగం మంది వాడికి తల్లులే కదా! తల్లులు ముందు, బిడ్డ చివర నిలబడ్డమేంటి? అందరికీ నవ్వొచ్చేది. వాణ్ణి చూస్తే అంత సంబరంగా ఉండేది మాస్టారూ. బతికాడు కదా. ఆ ఏడు గుట్ట మీద ఎంతమంది పసివాళ్ళు పోయారో నీకేం తెలుసు. వీడు బతికి, బకెట్టు మోస్తున్నాడు. వాడు మాత్రం చెవులు ఎర్రగా చేసుకుని బకెట్టు పారేసి పోయేవాడు. పెద్దయ్యాక తెలుస్తుందిలే అనుకున్నాం. ఈలోగా వెళ్ళిపోయారు. ఎక్కడున్నాడో."*

వాన చప్పుడు ఇంకాసేపు వినిపించి ఆగిపోయింది.

ఈ గదిలో ఇలాంటి నిశ్శబ్దాలు మిరాన్‌కి అలవాటే. వాటిని నింపకూడదని ఉద్యోగంలో చేరిన మొదటేడే నేర్చుకుంది.

ఆయన మీట మళ్ళీ పైకి లాగాడు. మొదటినుంచీ విన్నాడు. మూడోసారి నాచు దగ్గరికి వచ్చేసరికి కిందికి దించేశాడు.

"నా పుట్టినరోజుకి మా నాన్న నాచు పులుసు చేసేవాడు," అన్నాడు, గోడకేసి చూస్తూ. "నా ముందు గిన్నె పెట్టి బయటికి పోయేవాడు. తను ఎప్పుడూ ముట్టలేదు. ఇష్టం లేదేమో అనుకున్నా. ఆయన పోయాక నేనూ తాగడం మానేశా. మా ఆవిడ ఏటా చేస్తుంది. ఏటా పక్కకి నెట్టేస్తా." ఆగి, "ఆ కాళ్ళు నేను చూశానమ్మాయ్. ముసలాయన కాళ్ళు కడిగింది నేనే. మూటలు మోసి అలా అయ్యాయనుకున్నా," అన్నాడు.

టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. మిరాన్ లేచి వెళ్ళి, చెప్పకుండానే బార్లీ టీ పట్టుకొచ్చి పక్కన పెట్టింది. ఈసారి తాగాడు.

"వాళ్ళ పేర్లేంటి?" అన్నాడు కప్పు దించి. "పూని తప్ప ఒక్కరి పేరూ చెప్పలేదు. ఈ అమ్మ, ఆ అమ్మ. అమ్మలకి పేర్లుండవా?"

మిరాన్ మొహం వెలిగిపోయింది. ఆర్నెల్లుగా ఆమె పడ్డ పాటంతా అదే. సొరుగులోంచి కార్డులు తీసి బల్ల మీద పరిచింది.

"గుట్ట మీద ఏ ఆడమనిషీ తన పేరుతో బతకలేదు బాబాయిగారూ. అందుకని గుట్ట మీది సమావేశం హాల్లో ఒక పెద్ద కాగితం అంటించాం. 'తోక్బే అమ్మ ఎవరు? చునీ అమ్మ ఎవరు?' అని. బియ్యపు రొట్టెలు చేయించి పెట్టాం. వారం దాకా రొట్టెలు తినేసి వెళ్ళిపోయారు. ఎనిమిదో రోజున కింద మార్కెట్లో చేపముద్దలు వేయించి అమ్మే ఆవిడ, ఏప్రన్‌తోనే వచ్చింది. తోక్బేకి చెల్లెలట. 'మా అమ్మ పేరు నో కాన్నాన్' అంది. అని అక్కడే నిలబడిపోయింది. 'ఆ పేరు పైకి అని నలభయ్యేళ్ళయిందండీ, ఇంకోసారి అననా?' అని అడిగింది. అంది. మర్నాటి నుంచి ఒక్కొక్కరే రావడం మొదలెట్టారు."

కిల్సూ కార్డులు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళజోడు తెచ్చుకోలేదు, చాచి పట్టుకుని, బడిపిల్లాడిలా కూడబలుక్కుని చదివాడు. నో కాన్నాన్. క్వాక్ పూని. ప్యోన్ మాక్‌సున్. పేరు చదివినప్పుడల్లా తల కొంచెం వంచి, కార్డు రెండు చేతులతో కింద పెట్టాడు. పది కార్డులు. పదిమందీ పోయారు. పదకొండోది ఖాళీగా ఉంది.

"ఇదేంటి?"

"ఆ పై ఇంటి కొత్తకోడలు. దొరకలేదు. ప్రతి ఆడమనిషీ ఏదో ఒక ఏడు కొత్తకోడలే కదా. ఆవిడ ఇల్లు ఏదో పూనిగారు చెప్పారు గానీ, సరిగ్గా ఆ ముక్క దగ్గరే దగ్గొచ్చింది."

"దగ్గెక్కడొచ్చింది?"

మిరాన్ ఆ చోటు వెతికి వినిపించింది. "చివర, పై..." ఆ తర్వాత గొంతులో ఏదో గరగర, ఆ వెంటనే "ఇంటి కొత్తకోడలు".

కిల్సూ ముందుకి వంగాడు. "మళ్ళీ పెట్టు." విన్నాడు. మొహంలో మొదటిసారి నవ్వు కనపడింది. "దగ్గు కాదమ్మాయ్ ఇది! మా నాన్న ఊరి భాష. ఉత్తరాన మొక్కజొన్నని ఇలాగే అంటారు. మా నాన్నని వెక్కిరిస్తూ అంటోంది పూని. మొక్కజొన్న ఇంటి కొత్తకోడలు!"

మిరాన్ తల పట్టుకుంది. ఆర్నెల్లు. ముగ్గురు చెవులు పెట్టి విన్నారు. 'దగ్గు' అని రాసుకుని సంతకాలు కూడా పెట్టారు.

"బాబాయిగారూ, మీరు ముద్రతో వచ్చారు గానీ, పూనిగారి నోట్లో మాట అందించి పోతున్నారు," అంది. గబగబా ఫోను తీసింది.

గుట్ట మీది హాలు చూసుకునే హ్యేజు అవతల ఫోనెత్తింది. గదిలో ఇద్దరికీ వినపడేంత గొంతు ఆమెది.

"మొక్కజొన్న ఇల్లా? ఆ మాట ముందే చెప్పొచ్చుగా అక్కా! గుట్ట కొసన, తిరగలి ఉన్న ఇల్లు. యోమ్ ఓక్‌దాన్ అవ్వ. కాగితం చదవలేదు, హాలుకి రాదు, అందుకే మనకి దొరకలేదు."

"ఎప్పుడు పోయింది?"

"పోవడమేంటి? మొన్న నాతో పోట్లాడింది. తొంభై నాలుగేళ్ళు. ఒక చెవి పోయింది, నోరు మాత్రం ఇద్దరి పెట్టు. ఎవరడుగుతున్నారు?"

మిరాన్ కిల్సూకేసి చూసింది. ఆయన లేచి నిలబడి ఉన్నాడు, ఫోనుకే మర్యాద చేస్తున్నట్టు టోపీ చేత్తో పట్టుకుని.

"పదకొండిళ్ళోడు అడుగుతున్నాడని చెప్పమ్మా," అన్నాడు.

హ్యేజు చెప్పి మళ్ళీ చేస్తానంది. ఈలోగా కిల్సూ కాగితం తన వైపు లాక్కున్నాడు. 'వినిపించవద్దు' అన్న గడి పక్కన పెట్టాల్సిన ముద్రని 'వినిపించవచ్చు' అన్న గడిలో వేశాడు, కాగితం చిరిగేంత గట్టిగా. కింద ఖాళీ చోట తన చేత్తో 'పుట్టింది సోల్గోగే గుట్ట మీద' అని రాశాడు. రాసింది ఒకసారి చూసుకుని, ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏమేవ్. ఈ ఏడు నాచు పులుసు ఎక్కువ చెయ్యి."

"తాగుతావా ఏంటి ఇప్పుడు?" అంది అవతల భార్య. "ముప్పయ్యేళ్ళ నుంచి నేనే తాగుతున్నా నీ పుట్టినరోజు పులుసు."

"తాగుతా."

"ఎక్కడున్నావ్? ఆస్పత్రిలోనా? నిజం చెప్పు!"

"పాత కాగితాల ఆఫీసులో. ఇంటికొచ్చాక చెప్తా. చాలా చెప్పాలే నీకు." పెట్టేసి, మిరాన్‌తో అన్నాడు: "ఆవిడ దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళకూడదు. మార్కెట్‌కి పోయి నాచు కొనుక్కుని, అట్నుంచి గుట్టెక్కుతా. అరవై రెండేళ్ళయింది ఎక్కి. దారి అదేనా?"

ఆ దారి చెప్పే అవసరం రాలేదు. హ్యేజు మళ్ళీ ఫోన్ చేసింది. అవ్వ మాట సగంలోనే చెప్పులు వేసుకుందట. వాడొచ్చేదాకా కూర్చోవడం నావల్ల కాదు అని కూతుర్ని వెంటబెట్టుకుని టాక్సీ ఎక్కేసిందట.

ఇరవై నిమిషాలకి మెట్ల మీద గొడవ వినిపించింది.

"నెమ్మదిగా అమ్మా! పడ్డావంటే నేను ఎత్తలేను. నాకూ మోకాళ్ళున్నాయి."

"నీ వయసుకి మోకాళ్ళేంటే? చెయ్యి వదులు."

తెల్లటి చిన్న ముడి, ఊదారంగు స్వెట్టరు, కర్రకంటే కొంచెమే పొడుగున్న మనిషి. గుమ్మంలో ఆగి, మిరాన్‌ని దాటి, పటాల గదిలోంచి తొంగి చూస్తున్నవాళ్ళని దాటి, కిల్సూ దగ్గర చూపు ఆపింది. ఆమె వెనక కూతురు సునిమ్, డెబ్భై దాటినావిడ, తలకి ఉన్ని గుడ్డ బిగించి కట్టుకుని, ఆయాసపడుతోంది.

"నువ్వేనా ఆ తిండిపోతువి?" అంది ఓక్‌దాన్.

కిల్సూ ఆఫీసు నేల మీదే మోకాళ్ళ మీద కూర్చుని, రెండు అరచేతులూ నేలకి ఆనించి, నుదురు వాటి మీద పెట్టాడు. లేవలేదు. అలాగే ఉండిపోయాడు.

"లేవరా, లే. నడుం పట్టేస్తుంది. పధ్నాలుగు నెలలు తాగావు నా దగ్గర. పళ్ళొచ్చినా వదల్లేదు. కొరికిన మచ్చ ఉంది ఇప్పటికీ. చూపించనా?"

"అమ్మా!" అంది సునిమ్.

అందరూ నవ్వేశారు. కిల్సూ కూడా, నేల మీంచే. లేచి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా కింద కూర్చున్నాడు. ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"నాకు తెలీదు. ఇవాళ పొద్దుటి దాకా నాకేమీ తెలీదు. ఒక్కసారైనా వచ్చి చూడాల్సింది. అందరూ వెళ్ళిపోయాక వచ్చాను. నువ్వొక్కదానివైనా ఉన్నావు. అదే పదివేలు... అమ్మా."

ఆ చివరి మాటకి ఓక్‌దాన్ మొహంలో నవ్వు ఆగింది. ఆమె ఒక చెయ్యి విడిపించుకుని ఆయన మొహం తడిమింది. నుదురు, చెంప, చివరికి చెవి. ఆ పెద్ద చెవి తమ్మెని బొటనవేలితో చాలాసేపు రాస్తూ కూర్చుంది.

"అమ్మా అన్నావు," అంది. "అననంతకాలం ఊరుకోగలిగాను. సునిమ్, ఇలా రా."

"ఏంటమ్మా?"

"ఇలా వచ్చి వీడి పక్కన కూర్చో. తలకున్న ఆ గుడ్డ తియ్యి."

సునిమ్ అయోమయంగా మిరాన్‌కేసి చూసి, తల్లి మాట కాదనలేక వచ్చి, నేల మీద కిల్సూ పక్కన కూర్చుంది. తలగుడ్డ విప్పింది. మిరాన్ ఆమెకేసీ కిల్సూకేసీ మార్చి మార్చి చూసింది. అవే చెవులు. మొహానికి మించిన, పక్కలకి విచ్చుకున్న, అవే రెండు చెవులు.

"ఆ పురిట్లో మీ అమ్మ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను," అంది ఓక్‌దాన్. "పుట్టింది ఒక్కరు కాదు."

సునిమ్ చెయ్యి తన చెవి మీదికి పోయింది.

"పూనికి కూడా చెప్పలేదు. నా మొగుడికి చెప్పలేదు. ఆ గుట్ట మీద, ఆ ఇంట్లో, డెబ్భై రెండేళ్ళు దాచాను. ఇప్పుడు గుట్టే తవ్వేస్తారట. ఇంకెక్కడ దాచను?" ఆమె మిరాన్ వైపు తిరిగింది. "అమ్మాయ్. ఆ మాస్టారు ఒక మిషను పట్టుకుని మా ఇంటికీ వచ్చాడు అప్పట్లో. తలుపు తియ్యలేదు నేను. అలాంటి మిషను నీ దగ్గరుందా?"

"ఉంది అవ్వా."

"ఆన్ చెయ్యి. ఒక్కసారే చెప్తాను. రెండోసారి నావల్ల కాదు."

మిరాన్ వెంటనే చెయ్యి కదపలేదు. నేల మీద పక్కపక్కన కూర్చున్న ఆ ఇద్దరికేసి చూసింది. వాళ్ళని అడగకుండా ఆ మీట నొక్కే హక్కు తనకి లేదు. కిల్సూ తలాడించాడు. సునిమ్ తలాడించలేదు, వద్దనీ అనలేదు. ఆమె చెయ్యి మాత్రం తనకి తెలియకుండానే పోయి, పక్కనున్న ఆ పరాయి మనిషి చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఎర్ర దీపం వెలిగింది.

"మీ నాన్న నన్నొక కోరిక కోరాడు," అంది ఓక్‌దాన్.